ఎడమ చేతిలో కర్ర

ఎడమ కాలు కుంటుతున్న ఆ మనిషి చేతికర్రను ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు.

చూడగానే నా ఒళ్ళు ఝల్లుమంది. లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి తప్పు పట్టడానికి గోరంత సందు దొరకలేదు. అద్దంలా మెరిసే నేల. గోడ పొడవునా పట్టుకుని నడవడానికి నున్నటి చెక్క కమ్మీలు. ఒక వరసలో నిలబెట్టిన వాకర్లు. కిటికీ పక్కన, నడిచి అలిసినవాళ్ళు కూర్చోవడానికి ఎత్తయిన కుర్చీలు. ఈ హాలు చూస్తే కాలు విరగనివాడికి కూడా ఒకసారి వచ్చి పోదామనిపిస్తుంది. ఇప్పుడు సందు దొరికింది.

"ఈయనది తుంటి ఆపరేషనండీ," అంది మేనేజరమ్మ. "వచ్చిన రోజు మంచం దిగలేని మనిషి. ఇప్పుడు చూడండి, గుర్రంలా నడుస్తున్నారు."

"ఏ కాలికమ్మా ఆపరేషన్?"

"ఎడమ కాలికి. మీ అక్కగారికి కూడా తుంటే కదా. ఒక్క నెల మాకు వదిలేయండి. మీరు గుర్తుపట్టరు."

ఆ ఆఖరి మాట ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం మామూలుగా వినబడలేదు.

నాకు అక్క లేదు. నిన్న సాయంత్రం మందుల దుకాణం నడిపే ఒకావిడ నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ మంచం మీద ఆవిడ తల్లి కూర్చుని ఉంది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి వార్డు వార్డంతా ఆమెను కండక్టరమ్మ అనే పిలుస్తోంది. ముప్ఫై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి ఏనాడూ పడని మనిషి, కదలని సొంత ఇంట్లో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగా అయింది. ఇక మళ్ళీ నడక నేర్పే చోటికి మారాలి.

"ఈ పక్క మంచం చూశావా నాయనా," అంది కండక్టరమ్మ. "ఇక్కడ మా పాటల అత్త ఉండేది. మెలకువగా ఉంటే నోరు మూసే మనిషి కాదు. నిద్రలో కూడా మధ్య మధ్య చరణం అందుకునేది. ఆ రీహాబ్ సెంటర్‌కి పంపించారు. చేరగానే ఫోన్ చేస్తానంది. నెల దాటింది, కిక్కురుమనలేదు."

"వాళ్ళవాళ్ళెవరూ వెళ్ళి చూడలేదా?"

"ఒక మేనల్లుడున్నాడు. మొదట్లో బంధువులు కనబడితే పేషెంటు బెంగపెట్టుకుంటుంది, కొన్నాళ్ళు రావద్దన్నారట. వాడు సరేనన్నాడు. వాణ్ణి నూతిలో దూకమన్నా సరేనంటాడు. ఇప్పుడు నా కొడుకు నన్నూ అక్కడికే పంపిస్తానంటున్నాడు. దిగే స్టాపేదో తెలియకుండా నేను బస్సెక్కను."

"అమ్మా, తమ్ముడు ఆ హాలు చూసి మురిసిపోయాడు," అంది కూతురు.

"హాలు చూసి మురిసిపోవడానికి నాకేమన్నా పెళ్ళా?" అని తల్లి నావైపు తిరిగింది. "దాన్ని పంపించేటప్పుడు నా విజిల్ ఇచ్చాను బాబూ. ఒక్కసారి ఊదితే ఆపు, రెండుసార్లు ఊదితే పోనీ. తేడా వస్తే ఒక్కటి ఊదవే, ఎక్కడున్నా నాకు వినిపిస్తుంది అన్నాను. తమాషాకే అన్నాననుకో. ఇప్పుడు రోజూ చెవులు రిక్కించుకుని పడుకుంటున్నాను."

కండక్టరమ్మను పంపించేది రేపు సాయంత్రం అన్నారు. అంటే ఇవాళ సాయంత్రం. ఒకసారి ఈ గడప దాటి లోపలికి చేరిందా, మళ్ళీ కొన్ని వారాల దాకా కూతురికి కూడా కంటికి కనబడదు. నా చేతిలో ఉన్నది ఈ పగలు ఒక్కటే.

నేను కర్ర మనిషి దగ్గరికి వెళ్ళాను. మధ్యవయసు, కోటేరు లాంటి ముక్కు, మంచి మొహం. నన్ను చూడగానే బాధగా మూలిగి, వెంటనే ధైర్యంగా నవ్వాడు. రెండూ చక్కగా చేశాడు.

"నొప్పి ఉందా అండీ?"

"నొప్పిదేముంది సార్. మనసు గట్టిగా ఉండాలి."

"అదిగో, అక్కడ మూడు మెట్ల బల్ల ఉంది. ఎక్కి చూపించగలరా? మా అక్కకు ధైర్యం చెప్పడానికి."

"అయ్యో, దానిదేముంది," అని ఎడమ కాలు ఎత్తి మొదటి మెట్టు మీద వేశాడు.

కర్ర ఎప్పుడూ మంచి కాలి వైపు చేతిలోనే ఉండాలి. నొప్పి కాలు ముందుకు పడేటప్పుడు అవతలి వైపు నుంచి కర్ర బరువు మోస్తుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. తుంటి ఆపరేషనై లేచి నిలబడ్డ మనిషికి మొట్టమొదట నేర్పే పాఠాలివి. మా ఆవిడకు నేర్పిన అమ్మాయి రోజూ పాటలా పాడేది. 'అమ్మమ్మా, పైకి మంచిది, కిందికి చెడ్డది.' ఆ పాఠంతోనే మా ఆవిడ ఆఖరి రెండేళ్ళూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పెరట్లోకి వెళ్ళి పూలు కోసుకుని వచ్చింది. అది చిన్న భాగ్యం కాదు. ఆ అమ్మాయిని ఇప్పటికీ తలుచుకుంటాను.

వాకర్ల వరస దగ్గరికి నడిచి ఒకదాన్ని తిరగేశాను. కాళ్ళకు తొడిగిన రబ్బరు బిరడాలు కొత్తగా, గుండ్రంగా, అచ్చు గీతలు కూడా చెరగకుండా ఉన్నాయి. రెండోదీ అంతే. ఒక్క మనిషి నడిచినా వాటి అంచులు అరిగిపోతాయి.

"ఏం వెతుకుతున్నారండీ?" మేనేజరమ్మ గొంతులో తీపి కొంచెం తగ్గింది.

"నడక నేర్పేవాళ్ళు ఎక్కడున్నారమ్మా? ఒక్కరూ కనబడలేదు."

"ఇప్పుడే టీకి వెళ్ళారు."

"టీ బాగుంటుంది కాబోలు. అందరూ ఒకేసారి వెళ్ళారు."

"ఆయన టీ సంగతి అడుగుతున్నారంటే కేసు గట్టిపడిందన్నమాట," అన్నారు వెనక నుంచి ఎవరో. "నమస్కారం గురువుగారూ."

తిరిగి చూడకుండానే తెలిసింది. మండే ఎండలో కూడా కోటు విప్పడు కాబట్టి మా వృత్తిలో అతన్ని అందరూ కోటు అనే అంటారు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. తాళాలు తీయడం నాకంటే బాగా వచ్చింది. ఏ తలుపు తీయకూడదో మాత్రం రాలేదు. ఇప్పుడు కుటుంబాలకు సలహాదారు. ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి, ఎటు పోవాలో తెలియక దిక్కులు చూసేవాళ్ళకు దారి చూపిస్తాడు. ఆ దారులన్నీ ఈ గుమ్మంలోకే వస్తాయి.

అతని పక్కన కళ్ళు లోతుకుపోయిన యువకుడొకడు నిలబడి ఉన్నాడు. కండక్టరమ్మ ముక్కే అతని ముక్కు. కొడుకని ఎవరూ చెప్పక్కర్లేదు.

"మేడం, వీరికి అక్కా లేదు, అక్కకు తుంటీ లేదు," అన్నాడు కోటు మేనేజరమ్మతో. "పేరు మోసిన డిటెక్టివ్. గడ్డిమోపు ఇస్తే అందులో సూది ఉందని మూడు రోజులు వెతుకుతారు. లేకపోతే జేబులోంచి తీసి పెడతారు."

"నీ కోటు జేబులంత పెద్దవి కావులే నావి," అన్నాను. కొడుకు వైపు తిరిగాను. "బాబూ, మీ అక్కయ్య పంపితే వచ్చాను."

"తెలుసండీ. ఈయన చెప్పారు." అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. రాత్రుళ్ళు ఆసుపత్రి బెంచీ మీద పడుకున్న మనిషి చొక్కా ఎలా ఉంటుందో అతని చొక్కా అలా ఉంది. "అక్క ప్రతిదానికీ అనుమానపడుతుంది. నేను నాలుగు చోట్లు తిరిగాను. ఒకచోట నేల తడిగా ఉంది. ఇంకోచోట వాసన. ఇక్కడ మాత్రమే మనిషి నడుస్తూ కనిపించాడు. మా అమ్మ కూడా అలా నడవాలని కదండీ నేను చేసేది."

ఆ మాటకు నా దగ్గర ఎగతాళి లేదు. ప్రేమతోనే తప్పు చోటు ఎంచుకున్నాడు.

"నడుస్తూ కనిపించింది ఈయనేనా?"

"ఈయనే."

"అయ్యా," అన్నాను కర్ర మనిషితో, "కర్ర కుడి చేతిలోకి మార్చుకుని ఒకసారి నడవండి."

మార్చుకుని రెండడుగులు వేశాడు. కుంటడం మరిచిపోయాడు. గుర్తొచ్చి ఈసారి కుడి కాలు కుంటుతూ నడిచాడు. అతనే ముందు తల దించుకున్నాడు.

"నాటకాల్లో వేస్తావా?" అడిగాను.

"ఇరవయ్యేళ్ళుగా సార్. రాజు వేషాలు ఎక్కువ." అతని మొహంలో దొరికిపోయానన్న భయం కంటే చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ కనబడింది. "నెల నుంచి వేస్తున్నాను, ఎవరూ పట్టుకోలేదు. ఏ చేత్తో పట్టుకోవాలో ఒక్కరైనా చెప్పుంటే సరిగ్గానే చేసేవాణ్ణి కదా."

"విన్నావా బాబూ," అన్నాను కొడుకుతో. గొంతు ఎంత అదిమినా పైకి లేస్తోంది. "అసలు సంగతి అదీ. ఈయన వేషగాడని కాదు. నెల రోజులు ఈయన ఈ హాల్లో కర్ర తప్పు చేత్తో పట్టుకుని తిరిగితే సరిచేసిన మనిషి ఒక్కరూ లేరు. నడక నేర్పే మనిషి ఇక్కడ ఎవరైనా ఉంటే, దారిన పోతూ చూసినా ఆగి, కర్ర చెయ్యి మార్పించేవాళ్ళు. ఆ పని చేసేవాళ్ళకు అది కళ్ళల్లో నలుసు. ఇక్కడ ఎవరి కంట్లోనూ పడలేదు."

కొడుకు మొహం పాలిపోయింది. కోటు మాత్రం నవ్వాడు.

"బాగుంది గురువుగారూ. చీరల కొట్లో అద్దాల వెనక బొమ్మ ఉంటుంది. అది చీర కట్టుకుని ఎక్కడికీ వెళ్ళదు. అంతమాత్రాన లోపల చీరలు లేనట్టా? నిజం పేషెంట్లను వచ్చినవాళ్ళందరి ముందూ నడిపించి చూపించమంటారా? వాళ్ళకో మర్యాద ఉండదా? నేర్పేవాళ్ళు పైన ఉన్నారు, పేషెంట్లతో ఉన్నారు."

"అది కూడా నిజమే కదండీ," అన్నాడు కొడుకు నాతో, ఆశగా. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆ మాట పట్టుకున్నాడు.

"అయితే పైకి తీసుకెళ్ళమను. పాటల అత్తను ఒక్కసారి చూపించమను. ఇప్పుడే చెంపలేసుకుని వెళ్ళిపోతాను."

"పైకి బయటివాళ్ళను పంపం," అంది మేనేజరమ్మ.

"ఆయనకు పనీపాటా లేదు, మనకుంది," అని కోటు గోడ గడియారం చూశాడు. "అమ్మగారు ఈపాటికి దారిలో ఉండి ఉంటారు."

"దారిలోనా?" అన్నాను. "సాయంత్రం కదా?"

"పొద్దున్నే సంతకం పెట్టేశానండీ," అన్నాడు కొడుకు నేల చూస్తూ. "మంచం త్వరగా కావాలని ఆసుపత్రి వాళ్ళు తొందరపెట్టారు. అంబులెన్స్‌లో అక్క కూడా వస్తోంది."

ఫోన్ కోసం చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. పేషెంట్ల ప్రశాంతత కోసం అంటూ వచ్చినవాళ్ళందరి ఫోన్లూ గుమ్మం దగ్గరే పెట్టెలో వేయించుకున్నారు. గుమ్మానికీ నాకూ మధ్య కోటు నిలబడ్డాడు.

"కూర్చోండి గురువుగారూ. టీ తెప్పిస్తాను. బాగుంటుంది."

అప్పుడు నా చెవి పక్కన ఎవరో గుసగుసగా అన్నారు, "వంటగది పక్క మెట్లు. పై తలుపుకి గడియ బయటి నుంచే."

తిరిగి చూసేలోగా మా రాజుగారు కర్ర గాల్లోకి విసిరి, "అమ్మో, నా తుంటి," అని గావుకేక పెట్టి, వాకర్ల వరస మీద దబ్బున పడ్డాడు. వాకర్లు ఒకదాని మీదొకటి కూలాయి. హాలు బయట, చూడటానికి వచ్చి వేచి ఉన్న రెండు కుటుంబాలు లోపలికి తొంగిచూశాయి. మేనేజరమ్మకు వాళ్ళ ముందు నవ్వాలో, ఇతన్ని తన్నాలో తెలియలేదు. కోటు వంగి అతని రెక్క పట్టుకున్నాడు. అతను కోటు మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, వదలకుండా వేలాడాడు. ఇరవయ్యేళ్ళ అనుభవంలో అంతకంటే గొప్పగా నటించి ఉండడు.

నేను వంటగది వైపు పరుగెత్తాను. నా వయసులో పరుగు అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పైన తలుపు, బయట ఇనప గడియ. రోగులుండే గదికి లోపల గడియ ఉందంటే అర్థం చేసుకోవచ్చు. బయట ఎందుకు? లాగి తోశాను.

పట్టపగలు వార్డంతా నిద్రపోతోంది. రెండు వరసల మంచాలు. ప్రతి మంచం మీదా ఒక మనిషి, ప్రతి నోరూ కొంచెం తెరుచుకుని ఒకే తీరు శ్వాస. అంతమందికీ ఒకేసారి మామూలు నిద్ర రాదు. తలాపున పిలుపు గంట తాళ్ళను పైకి చుట్టి, చెయ్యి అందని ఎత్తులో కట్టేశారు. నీళ్ళ గ్లాసులన్నీ అవతలి గోడ బల్ల మీద వరసగా ఉన్నాయి. మొదటి మంచం కింద చెప్పులు తీసి చూశాను. అడుగున దుమ్ము కూడా అంటలేదు. నడక నేర్పే ఇంట్లో నడవని చెప్పులు.

ఒక్కటే దయ కనబడింది. ఆడవాళ్ళందరికీ ఎవరో ఓపిగ్గా తల దువ్వి జడలు వేశారు. ఇంతమందికి ఒక్కతే ఆయా అయి ఉంటుంది. చేయగలిగింది చేసి పోయింది.

పాటల అత్తను వెతకడానికి పేరు అక్కర్లేకపోయింది. చివరి మంచం మీద నిద్రలోనే పెదవులు కదులుతున్నాయి. వంగి వింటే రాగం లేదు, తాళం మాత్రం మిగిలింది. దుప్పటి మీద చూపుడువేలు మెల్లగా కొట్టుకుంటోంది.

"అత్తా, కండక్టరమ్మ పంపించింది," అన్నాను చెవిలో.

కళ్ళు తెరవడానికి ఆమె చాలా కష్టపడింది. "వచ్చిందా?"

"రాబోతోంది. ఇక్కడికే తెస్తున్నారు."

ఆ మాటతో చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. "రానీకు నాయనా. పొద్దునొక మాత్ర, మధ్యాహ్నమొక మాత్ర. లేవనివ్వరు. ఒక్క రోజు కూడా నిలబెట్టలేదు. నా కాళ్ళు..." మాట మధ్యలో మళ్ళీ కళ్ళు వాలాయి.

అర్థమైపోయింది. నడిపించడానికి మనుషులు కావాలి. పడుకోబెట్టడానికి ఒక మాత్ర చాలు.

"అత్తా, విజిల్ ఏదీ?"

ఆమె మెడలోంచి నల్లదారం లాగింది. చివర ఇత్తడి విజిల్. తీసి నా చేతిలో పెట్టింది. "ఊదాను. గాలి వచ్చింది, శబ్దం రాలేదు. ఆయా చూసి, చూడనట్టు పోయింది. పాత దారం తెగితే కొత్తది కట్టింది కూడా."

వెనక తలుపు దభాలున మూసుకుంది. గడియ పడిన చప్పుడు.

"గురువుగారూ," తలుపు అవతల కోటు ఆయాసపడుతున్నాడు. రాజుగారు బాగానే అలసట తెప్పించారు. "ముసలాయన దారి తప్పి పైకెళ్ళాడు, మతి స్థిమితం లేదు అని చెబితే ఎవరైనా నమ్ముతారు. ఖాళీ మంచం ఒకటి ఉంది లోపల, చూసే ఉంటారు. మేడం సూది మందు తెస్తున్నారు. పెనుగులాడకండి, ఈ వయసులో తుంటి విరిగితే కష్టం."

కిటికీ దగ్గరికి వెళ్ళాను. కదలని దళసరి అద్దం, బయట ఇనుప కమ్మీలు. సరిగ్గా కింద అంబులెన్స్ ఆగి ఉంది. వీల్ చైర్‌ను అప్పుడే దింపారు. కండక్టరమ్మ నిటారుగా కూర్చుని ఉంది, ఒళ్ళో సంచి, పక్కన కూతురు. కొడుకు ఎదురెళ్ళి ఏదో చెబుతున్నాడు. చేతులు అటూ ఇటూ ఊగుతున్నాయి, ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు. తెల్లబట్టల వాళ్ళిద్దరు కుర్చీని గుమ్మం వైపు తోస్తున్నారు. అద్దం మీద రెండు చేతులతోనూ కొట్టాను. అరిచాను. ఇంజను చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు.

పైన, చెయ్యి పట్టేంత గాలి కంత ఉంది. కుర్చీ లాగి ఎక్కాను. మంచి కాలు ముందు వేశాను. మోకాలి నొప్పి ఉన్నది తరవాత వచ్చింది. కింద వీల్ చైర్ ముందు చక్రాలు గుమ్మం వాలు మీదికి ఎక్కుతున్నాయి. వెనక గడియ తీస్తున్నారు.

కంతకు మొహం ఆనించి, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా కూడదీసుకుని, ఒక్కటే ఊదాను. పొడుగ్గా.

కింద కండక్టరమ్మ తల పైకి లేవలేదు. ఆలోచించలేదు, ఎవరని అడగలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ముందుగా చేతుల్లోకి వచ్చింది. రెండు చేతులూ చక్రాల బ్రేకుల మీద పడ్డాయి. కుర్చీ కీచుమని గడప ముందు నిలిచిపోయింది. తోసేవాళ్ళు ముందుకు తూలారు. ఆ తరవాతే ఆమె తల ఎత్తి, కిటికీలో నన్నూ, నా నోట్లో తన విజిల్‌నూ చూసింది.

వేచి ఉన్న కుటుంబాలు బయటికి వచ్చాయి. కొడుకు కూడా పైకి చూశాడు. అతని చేతులు ఊగడం మానేశాయి. తోసేవాణ్ణి పక్కకు నెట్టి, తల్లికీ గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు. కూతురు అప్పటికే గుమ్మంలోకి పరుగెడుతోంది.

నా వెనక తలుపు తెరుచుకుంది. కోటు, అతని వెనక పళ్ళెంలో సిరంజి పట్టుకుని మేనేజరమ్మ. వాళ్ళు రెండడుగులు వేశారు. అంతలో కింద ఇంజను ఆగింది. బస్సు చివరి సీటు దాకా వినిపించేలా అరవడం అలవాటైన గొంతు, కమ్మీలు దాటి, అద్దం దాటి, గాలి కంతలోంచి వార్డంతా నిండింది.

"పైనున్నవాళ్ళు దిగేదాకా ఈ బండి కదలదు."

చివరి మంచం మీద పాటల అత్త కళ్ళు పూర్తిగా తెరిచింది.